నిమ్మకాయలూ, బ్రేకులూ

మహానందికి కార్లో వచ్చేవాళ్ళలో రెండు తెగలున్నాయి. గుడి ముందు బండి ఆగీ ఆగగానే టెంకాయల అంగడి కోసం చూసేవాళ్ళు ఒక తెగ. బండి దిగి, ముందు చక్రం పక్కన వంగి, వేడి ఎంత ఉందో చెయ్యి దగ్గరగా పెట్టి చూసుకునేవాళ్ళు రెండో తెగ. మొదటివాళ్ళు రెండోవాళ్ళను చూసి "భక్తి తక్కువ" అనుకుంటారు. రెండోవాళ్ళు మొదటివాళ్ళను చూసి "బుద్ధి తక్కువ" అనుకుంటారు. తర్వాత ఇద్దరూ లోపలికి వెళ్ళి ఒకే స్వామికి దణ్ణం పెట్టుకుంటారు గనుక ఇంతవరకూ గొడవేమీ రాలేదు.

నంద్యాల నుంచి మహానందికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. అరటి తోటల మధ్య నుంచి సాగే చల్లని దారి. ఈ దారి ఏ బండినీ పరీక్షించదు. ఎంత పాత బండైనా, ఎంత బద్ధకపు యజమానైనా ఇక్కడికి వచ్చి చేరతారు. పరీక్షంతా గాజులపల్లె దాటి, నల్లమల ఘాట్ ఎక్కి గిద్దలూరు వైపు పోయేవాళ్ళకూ, అటునుంచి ఘాట్ దిగి దర్శనానికి వచ్చేవాళ్ళకూను. మలుపు వెంట మలుపు, ఎదురుగా లోడు లారీ, పక్కన లోయ. అక్కడ కాలి కింద బ్రేకు ఉందా లేదా అన్నది వేదాంత ప్రశ్న కాదు.

కొత్త కారు కొన్నవాళ్ళు దాన్ని ముందు గుడికి తీసుకురావడం మనకు ఆనవాయితీ. పసుపు, కుంకుమ, బానెట్టు మీద పూలదండ, ముందు టెంకాయ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. బండి మెల్లిగా కదిలి నిమ్మకాయలు చిట్లితే దిష్టి పోయినట్టు. మహానందిలో ఈ పూజకు ఒక అందం ఉంది. ఇక్కడ స్వామితో పాటు స్వామివారి వాహనానికీ పేరు ప్రతిష్ఠలున్నాయి. ఊరి పేరే వాహనం పేరు. చుట్టుపక్కల ప్రథమనంది, నాగనంది, సోమనంది, సూర్యనంది అంటూ మొత్తం తొమ్మిది నందులు. కార్తీక సోమవారం నాడు తొమ్మిదింటినీ ఒక్క రోజులో, పొద్దు గుంకేలోగా చూసి రావాలని బయలుదేరే కుటుంబాలెన్నో. పరమశివుడికి మాత్రం ఈ తిరుగుడు లేదు. ఆయన వాహనానికి పెట్రోలు అక్కర్లేదు, టైర్లు లేవు, యుగాలు గడిచినా ఎక్కడా ఆగిపోయిన దాఖలా లేదు. మన వాహనాలు అలాంటివి కావు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"మా బండి మీద నాకు నమ్మకముంది" అని మనం అంటూ ఉంటాం. ఈ మాట అనే హక్కు మనకు ఎక్కణ్ణించి వచ్చిందన్నదే నా ప్రశ్న.

కొన్నప్పుడు కంపెనీవాడు చెప్పాడు గనుక వచ్చిందంటారు కొందరు. కాని యంత్రాల నమ్మకాన్ని లెక్కగట్టే ఇంజనీర్లు ఆ మాట అనరు. వాళ్ళ దృష్టిలో నమ్మకమంటే ఒక సంభావ్యత. ఫలానా పరిస్థితుల్లో, ఫలానా కాలం పాటు, ఫలానా వస్తువు చెడకుండా పనిచేసే అవకాశం ఎంత అన్నదే వాళ్ళ లెక్క. ఆ 'పరిస్థితుల్లో' అన్న మాటలోనే మనం దాగి ఉన్నాం. వేళకు ఆయిల్ మార్చడం, కూలెంటు చూడడం, టైర్లలో గాలి కొట్టించడం అన్నీ ఆ పరిస్థితుల్లోకే వస్తాయి. అవి చెయ్యనివాడి బండికి కంపెనీవాడి లెక్క వర్తించదు. అంటే నమ్మకమన్నది బండితో పాటు ఇంటికి వచ్చే స్టెపినీ లాంటిది కాదు. నెలనెలా మనం కడుతూ రావలసిన చందా లాంటిది.

పూర్వం ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసేది. అంబాసిడరు ఉన్న రోజుల్లో బండి తనంతట తానే రోజూ గుర్తు చేసేది. రాయలసీమ ఎండల్లో ఇంజను వేడెక్కి పెట్రోలు పంపులో ఆవిరి పట్టేది. డ్రైవరు బండి పక్కకు తీసి, పంపు మీద తడిగుడ్డ వేసి, బీడీ ముట్టించి కూర్చునేవాడు. రేడియేటరుకు నీళ్ళ డబ్బా, బ్యాటరీ మొరాయిస్తే తిప్పడానికి హ్యాండిలు, ఒక ఫ్యాను బెల్టు, రెండు ప్లగ్గులు డిక్కీలో ఉండవలసిందే. ఆ బండిని ఎవరూ గుడ్డిగా నమ్మలేదు. అందుకే దానితో జాగ్రత్తగా బతికారు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కాక కథ మారింది. తాళం తిప్పితే కదిలే బండి వచ్చింది. మంచిదే. కాని దానితో పాటు బానెట్టు ఎత్తే అలవాటు మెల్లిగా పోయింది. 2014 జనవరిలో మారుతి 800, అదే ఏడు మేలో అంబాసిడరు తయారీ ఆగిపోయాయి. ఇప్పుడు బానెట్టు ఎత్తినా ఒక నల్లని ప్లాస్టిక్కు మూత తప్ప సామాన్యుడికి ఏమీ కనబడదు. బండి ఎంత నమ్మకస్థురాలైతే మనం అంత సోమరులమయ్యామా అనిపిస్తుంది.

బండి అప్పుడప్పుడూ ఆగిపోతే మనకు కోపం వస్తుంది. నిజానికి ఆగిపోయే బండి అంత ప్రమాదకరమైనది కాదు. బాగా నడుస్తూ నడుస్తూ లోపల చెడిపోయే బండితోనే ప్రమాదం. బ్రేకు ఆయిల్ సంగతే చూడండి. అది గాలిలోని తేమను కొంచెం కొంచెంగా పీల్చుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అందులో నీరు చేరుతుంది. నంద్యాల బజారులో తిరిగినంత కాలం దాని వల్ల ఏ ఇబ్బందీ తెలియదు. తొక్కితే బండి ఆగుతుంది. అదే బండి ఘాట్ దిగేటప్పుడు, పై గేరులో పెట్టి మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ పోతే, చక్రాల దగ్గర వేడి పెరుగుతుంది. ఆ వేడికి తేమ పట్టిన ఆయిల్ మరిగి బుడగలు లేస్తాయి. ద్రవం నొక్కితే అణగదు గాని బుడగ అణిగిపోతుంది. మనం తొక్కిన తొక్కుడంతా బుడగలను అణచడానికే సరిపోయి, పెడలు దూదిలా నేలకు ఆనుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉందే!" అంటాం. నిన్నటిదాకా మనం చదునైన నేల మీద ఉన్నాం. పరీక్ష పెట్టనంత కాలం అందరూ ఫస్టు క్లాసు విద్యార్థులే.

ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు విలియం కింగ్డన్ క్లిఫర్డ్ 1877లో ఈ నమ్మకం గురించే ఒక వ్యాసం రాశాడు. అందులో కారు లేదు, ఓడ ఉంది. ఒక ఓడ యజమాని. ఓడ పాతది, మరమ్మతులు చాలాసార్లు జరిగాయి. దాని మీద అనుమానాలున్నాయి. పూర్తిగా విప్పి చూపించాలంటే డబ్బు ఖర్చు. వలస పోయే కుటుంబాలు ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు యజమాని తన మనసుకు సర్దిచెప్పుకుంటాడు. ఇన్ని ప్రయాణాలు చేసిన ఓడ ఇదొక్కటి చేయదా, పొట్టకూటికోసం పోతున్న ఇంతమందిని దేవుడు కాపాడడా అని. అలా సర్దిచెప్పుకుని, చివరికి నిజంగానే, మనస్ఫూర్తిగా నమ్మేస్తాడు. ఓడ సముద్రం మధ్యలో మునుగుతుంది. ఆయన భీమా సొమ్ము తీసుకుంటాడు.

ఆ మనుషుల చావుకు యజమానే దోషి అంటాడు క్లిఫర్డ్. నిజాయితీగా నమ్మాడు కదా అంటే, చేతిలో ఉన్న ఆధారాలను బట్టి చూస్తే అలా నమ్మే హక్కు ఆయనకు లేదంటాడు. అంతటితో ఆగడు. ఒకవేళ ఓడ మునగలేదనుకోండి, క్షేమంగా అవతలి ఒడ్డు చేరిందనుకోండి. అప్పుడు కూడా ఆయన దోషం ఒక్క వీసం తగ్గదు, కాకపోతే బయటపడదు, అంతే అంటాడు.

ఈ రెండో మాట దగ్గర మనకు ఇబ్బంది కలుగుతుంది. "ఏమీ కాలేదు కదా" అన్నది మనకు ఎంతో ప్రియమైన మాట. అరిగిపోయిన టైర్లతో ఘాట్ దాటి వచ్చినవాడు కాఫీ తాగుతూ ఆ సాహసం వర్ణిస్తాడు. వినేవాళ్ళు "నీ అదృష్టం" అని భుజం తడతారు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలూ, ఒక ముసలావిడా ఉన్నారన్న సంగతి ఆ కథలో రాదు. వాళ్ళను ఎవరూ అడగలేదు. నమ్మకం ఆయనది, పందెం వాళ్ళ ప్రాణాలది. ఒకరి ప్రాణం పందెం కాసి గెలిచినవాణ్ణి అదృష్టవంతుడనడం న్యాయమేనా?

ఇక్కడ భక్తులు నన్నొకటి అడగవచ్చు. "కురుక్షేత్రంలో అర్జునుడి రథం సంగతి ఏమంటావు?" అని. నిజమే. యుద్ధం ముగిశాక కృష్ణుడు అర్జునుణ్ణి ముందు దిగమన్నాడు. తర్వాత తాను దిగాడు. దిగీ దిగగానే రథం భగ్గున కాలి బూడిదైంది. ద్రోణకర్ణుల అస్త్రాలకు అది ఎప్పుడో దగ్ధమైందనీ, తాను కూర్చుని ఉండబట్టి నిలిచిందనీ కృష్ణుడు చెప్పాడు. దైవకృపతో నడిచే బండికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

ఒప్పుకుంటాను. కాని అదే భారతంలో, అదే రథం గురించి ద్రోణపర్వంలో ఇంకో ఘట్టం ఉంది. సైంధవుణ్ణి పొద్దు గుంకేలోగా చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేసిన రోజది. ఒక్కొక్క నిమిషం ప్రాణంతో సమానం. సైంధవుడు ఇంకా దూరంలో ఉన్నాడు. గుర్రాలు అలసిపోయాయి, ఒంటినిండా బాణాలు దిగాయి. అప్పుడేం జరిగింది? శత్రుసేన మధ్యలో రథం ఆపారు! అర్జునుడు నేల మీదికి దిగి, విల్లు పట్టుకుని చుట్టూ ఉన్న సేనను ఆపుతూ నిలబడ్డాడు. బాణంతో నేల చీల్చి నీటిని రప్పించాడు, బాణాలతోనే ఒక పందిరి కట్టాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, బాణాలు లాగి, ఒళ్ళు రుద్ది, నీళ్ళు తాగించి, మేత వేసి, సేద తీరాక మళ్ళీ కట్టాడు.

సాక్షాత్తూ భగవంతుడు సారథిగా ఉన్న రథం అది. ఆయన తలుచుకుంటే గుర్రాలు దాహం లేకుండా పరుగెత్తలేవా? అయినా ఆయన దిగి మాలిష్ చేశాడు. దేవుడు నడిపిన బండికే సర్వీసింగు తప్పలేదు. పైగా "ఇప్పుడు టైము లేదు, వచ్చే నెల చూద్దాం" అనడానికి అర్జునుడికున్నంత గట్టి కారణం మనలో ఎవరికీ లేదు. పొద్దు గుంకేలోగా తొమ్మిది నందులు చూడాలనుకున్నవాడికి కూడా లేదు.

రథం బూడిద కాకుండా ఆపింది దైవమే కావచ్చు. కాని గుర్రాలకు నీళ్ళు పెట్టినవాళ్ళకే ఆ దైవం మీద ఆధారపడే మొహం ఉంటుందని నాకనిపిస్తుంది.

సరే, మరి మెకానిక్కు సంగతేమిటి? ఈ రోజుల్లో బండి లోపల ఏముందో మనకు తెలియదు. షెడ్డులో అతను ఏం విప్పాడో, ఏం బిగించాడో మనం చూడం. చూసినా అర్థం కాదు. క్లిఫర్డ్ చెప్పినట్టు ఆధారం లేనిదే నమ్మకూడదంటే, ముందు మనం మెకానిక్కు కోర్సు చదవాలి. అందుకే అమెరికా తత్వవేత్త విలియం జేమ్స్ 1896లో క్లిఫర్డ్‌కు బదులు చెప్పాడు. కొన్నిచోట్ల నమ్మకం ముందు వస్తుంది, ఆధారం తర్వాత వస్తుంది అన్నాడు. స్నేహం అలాంటిది. ఎదుటివాడు నన్ను ఇష్టపడుతున్నాడని రుజువు దొరికేదాకా దూరంగా నిలబడితే స్నేహమే పుట్టదు. నమ్మి ఒక అడుగు వేస్తే, ఆ నమ్మకమే రుజువును పుట్టిస్తుంది.

ఇద్దరూ రైటే అనుకుంటాను. యంత్రం దగ్గర క్లిఫర్డ్ రైటు. మనం నమ్మామని బ్రేకు ఆయిల్ సిగ్గుపడి మరగడం మానుకోదు. మనిషి దగ్గర జేమ్స్ రైటు. నమ్మితే మనిషి దానికి తగ్గట్టు పెరిగే అవకాశం ఉంది.

నంద్యాలలో ఒక పెద్దాయన షెడ్డు నడిపేవాడు. పేరు చెప్పడం ఆయనకు ఇష్టం ఉండదు. ఏ సామాను మార్చినా పాతదాన్ని కాగితంలో చుట్టి మన చేతిలో పెట్టేవాడు. "ఇది నాకెందుకయ్యా?" అంటే, "నన్ను నమ్మేది తర్వాత సార్, ముందు దీన్ని సూడండి. ఎట్ల అరిగిందో మీకూ తెలుస్తాది" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. "బండి మోసం చెయ్యదు సార్. ముందే సెప్తాది. కీచుమంటాది, వణుకుతాది, పక్కకి లాగుతాది. మనమే పాట పెట్టుకోని ఇనం."

ఆ అరిగిన ప్యాడు ముక్కను చూస్తే నాకు ఒకటి తోచింది. ఈ మనిషి తన మీద నమ్మకాన్ని అడగడం లేదు. దాన్ని పరీక్షించుకునే అవకాశం మనకిస్తున్నాడు. తనను నమ్మమని గట్టిగా అడిగే ప్రతివాడి దగ్గరా కాస్త ఆగి, పాత సామాను చూపించమని అడగవచ్చు. షెడ్డులోనే కాదు, రాజకీయంలోనూ, పెళ్ళిసంబంధాల్లోనూ కూడా.

ఇంకొక అభ్యంతరం ఉంది. అది తేలిగ్గా తోసెయ్యదగ్గది కాదు. "నీతులు బాగానే ఉన్నాయి, డబ్బెవరిస్తారు?" అన్నది. వానలు సరిగా పడని సీమలో పాత బండి కొని టాక్సీ నడుపుకునేవాడికి నాలుగు టైర్లంటే చిన్న ఖర్చు కాదు. ఒక చేతిలో బిడ్డ స్కూలు ఫీజు, ఇంకో చేతిలో టైర్ల ఖర్చు. టైరు పట్టీల లోతు 1.6 మిల్లీమీటర్ల దాకా అరిగితే మార్చాలని అతనికి నేను చెప్పనక్కర్లేదు. అతనికి నాకన్నా బాగా తెలుసు. కొన్నిచోట్ల బండి ఒకరిది, స్టీరింగు ఇంకొకరిది. "సార్, బ్రేకులు చూపించాల" అని డ్రైవరు చెబుతాడు. "ఈ ట్రిప్పు కానీరా, చూద్దాం" అంటాడు ఓనరు. క్లిఫర్డ్ ఓడ యజమాని లాగే ఆయనా ఒడ్డున ఉంటాడు. ఘాట్ దిగేది డ్రైవరూ, ప్రయాణికులూ.

దీనికి నాకు తోచిన జవాబు ఇది. బండిలోని లోపాలను రెండు పద్దులుగా రాసుకోవాలి. చెడిపోతే నాకు మాత్రమే ఇబ్బంది కలిగించేవి ఒక పద్దు. ఏసీ, రేడియో, తలుపు అద్దం, పెయింటు, సొట్టలు. చెడిపోతే ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చేవి రెండో పద్దు. బ్రేకులు, టైర్లు, స్టీరింగు, లైట్లు. మొదటి పద్దును ఎన్నేళ్ళయినా వాయిదా వేసుకునే హక్కు పేదవాడికీ, పిసినారికీ సమానంగా ఉంది. రెండో పద్దును వాయిదా వేసే హక్కు లక్షాధికారికి కూడా లేదు. డబ్బు లేకపోతే కొన్నాళ్ళు ఘాట్ ఎక్కకుండా ఉండాలి. అది నష్టమే. కాని ఆ నష్టం మనం భరించాలి గాని, మనకు చెయ్యెత్తి బండి ఆపినవాడి నెత్తిన వెయ్యకూడదు. పైగా అన్నింటికీ డబ్బు అక్కర్లేదు. బ్రేకు ఆయిల్ మట్టం చూడడానికి కన్ను చాలు. పల్లంలో చిన్న గేరులో దిగడానికి ఓపిక చాలు. డ్రైవరు చెప్పింది వినడానికి చెవి చాలు.

అదేమిటో గాని మనం చేసేది సరిగ్గా దీనికి వెనక్కు. కొత్త కారు మీద గీత పడితే ఆ రాత్రి నిద్రపట్టదు. వారం తిరక్కుండా పెయింటు వేయిస్తాం. బ్రేకులోంచి కీచుమని చప్పుడు వస్తే పాట కొంచెం పెంచుతాం. పైకి కనిపించే సొట్ట పరువు సమస్య, లోపలి సొట్ట ఎవరికీ కనబడదు గనుక సమస్యే కాదు. మహానంది స్వామినే చూడండి. ఆవు గిట్ట పడి లింగం అణిగిందని స్థలపురాణం చెబుతుంది. ఆ గుర్తుతోనే ఇన్ని తరాలుగా పూజలందుకుంటున్నాడు. సొట్ట వల్ల ఆయన మహిమ తగ్గిందని ఎవరూ అనలేదు. మన బండి తలుపు మీది సొట్ట వల్ల మన మహిమ మాత్రం ఎందుకు తగ్గాలి?

గుడిలోని కోనేటి నీళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. అడుగున పడిన రూపాయి బిళ్ళ పైకి కనబడుతుంది. చాలామంది అది కేవలం మహిమ అనుకుని నమస్కారం పెట్టి ఊరుకుంటారు. ఊట ఎడతెగకుండా వస్తోంది, వచ్చినంత నీరు తూముల గుండా పోయి పొలాలకు పారుతోంది. వచ్చే దారీ పోయే దారీ పూడిపోకుండా చూసిన చేతులు ఎన్నో తరాలవి. ఊటను ఇచ్చింది దైవమే అనుకుందాం. దాని దారి మూసుకుపోకుండా చూడడం మాత్రం మనుషులకే వదిలిపెట్టాడు.

ఇదంతా చదివి నిమ్మకాయలు పెట్టొద్దంటున్నానని అనుకోకండి. నిక్షేపంగా పెట్టండి. మనం ఎంత చూసుకున్నా మన చేతిలో లేనివి చాలానే ఉంటాయి. మలుపు అవతల లారీ డ్రైవరుకు నిద్ర వస్తోందా, అడవిలోంచి ఏదైనా జంతువు రోడ్డు మీదికి వస్తుందా, ఇవన్నీ స్వామికి విన్నవించుకోవలసిన సంగతులే. ఆ జాబితా ఎలాగూ పెద్దది. బ్రేకు ప్యాడ్లను కూడా అందులో చేర్చి ఆయనకు పని పెంచడం ఎందుకు? అవి నంద్యాలలోనే దొరుకుతాయి.